ముప్పై ఒకటో పెట్టె

"ఎవ్వలో ఆడిమనిషి అచ్చింది. కుర్చీ ఏస్తవా, గట్లనే నిలవెడ్తవా?" అంది సాయవ్వ.

లింబన్న చేతిలో బియ్యం చాట అట్లాగే ఆగిపోయింది. గడప దగ్గర చెప్పులు విడుస్తున్నది వాళ్ల బిడ్డ రమాబాయి. పరాయి మనిషి ఎవరూ రాలేదు.

"అమ్మా, నేను వచ్చాను. మధ్యాహ్నం మందు వేసుకున్నావా?" అంది రమ.

సాయవ్వ ఆ మాట వచ్చిన వైపు తల తిప్పింది. షుగరు జబ్బుతో ఆమెకు చూపు పోయి నాలుగేళ్లు. అప్పటినుంచి మనుషులను గొంతుతోనే గుర్తుపట్టేది. పాలవాడు సందు చివర దగ్గితే ఇక్కడినుంచి పేరు పెట్టి పిలిచేది.

"ఏసుకున్న తల్లీ. కూసో. మా రమ అచ్చే యాళ్లయింది," అంది మర్యాదగా.

రమ తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె రెండు చేతులూ తీసి తన ముఖం మీద పెట్టుకుంది. సాయవ్వ వేళ్లు నుదురు తడిమాయి, ముక్కు తడిమాయి, చిన్నప్పుడు కుంపటి అంచు తగిలి కాలిన చెవి కింది మచ్చ దగ్గరికి వచ్చి నిలిచాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి.

తర్వాత భర్త వైపు వంగి, రమ వినకూడదన్నట్టు మెల్లగా అంది. "మొఖం నా బిడ్డదే. లోపట మాట్లాడేది వేరే ఎవ్వలో. ఏమైందయ్య దీనికి?"

లింబన్న చాటలో బియ్యం మళ్లీ చెరగసాగాడు. అతను మామూలుగానే మాటలు తక్కువ మనిషి. కానీ ఆ రోజు జవాబు తెలిసీ చెప్పలేదు. బిడ్డ మెడకు ఆఫీసు పట్టీ మొదటిసారి కట్టింది అతని చేతులే.

*

ఆకొండి అండ్ సేట్నా అనే లాయర్ల కంపెనీలో లింబన్న అటెండరు. బషీర్‌బాగ్‌లో పాత బంగళాలో ఉన్నప్పుడు చేరాడు. ఇప్పుడు అది అద్దాల మేడలో మూడు అంతస్తులు. రెండు వందలమంది లాయర్లు. లింబన్న చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కోవాలి, అంకెలు మాత్రం కచ్చితం. అందుకే రికార్డు రూము అతని మీద పెట్టారు. ఏ ఫైలు బయటికి పోయినా రిజిస్టరులో నంబరు, తీసుకున్నవారి పేరు, ఎక్కడికి అని రాయాల్సిందే. పెద్ద మేడమ్ తీసుకున్నా సరే.

ఇంటర్వ్యూల రోజు మాత్రం అతనికి ఇంకో పని. వచ్చిన పిల్లలకు నీళ్లివ్వడం, వరసలో కూర్చోబెట్టడం, లోపలికి పంపడం. ఇరవై ఎనిమిదేళ్లు ఆ పని చేశాక లింబన్నకు ఒకటి తెలిసింది. టీ కప్పులు బల్ల మీద పెట్టేలోపే ఎవరికి ఉద్యోగం వస్తుందో చెప్పొచ్చు. లోపలివాళ్లు చట్టం సంగతి అడిగితే రాదు. "మీ నాన్నగారు ఎక్కడ చేస్తారు?" అని అడిగి, ఆ జవాబుకు నవ్వితే వస్తుంది. నవ్వినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల చెవులు అట్లా అలవాటు పడ్డాయి, అంతే. తమలాగా మాట్లాడేవాడు తెలివైనవాడిలాగా వినిపిస్తాడు.

తర్వాత పరాయి దేశాల క్లయింట్లు ఒక మాట అడగడం మొదలుపెట్టారు. మీ లాయర్లంతా అవే నాలుగు కాలేజీలు, అవే ఇళ్లు, ఇది పద్ధతి కాదు, అన్ని రకాల మనుషులూ ఉంటేనే మా పని మీకిస్తాం అన్నారు. కంపెనీ ఊరూరా ప్రకటనలిచ్చింది. పిల్లలు వచ్చారు. నోరు తెరిచారు. లోపలి ముఖాలు మూతపడ్డాయి. రెండేళ్లు ఇదే తంతు.

అప్పుడు వర్ధన్ అనే ఇంజనీరు పట్టీ తెచ్చాడు.

చూడ్డానికి మెడకు చుట్టే నల్ల నాడా. దానికి జతగా అగ్గిపెట్టెకు నాలుగింతలుండే ఇనప పెట్టె. రెండింటికీ ఒకటే నంబరు. మొదటిరోజు అందరి ముందూ పరీక్షకు నిలబెట్టడానికి వర్ధన్‌కు లింబన్న దొరికాడు.

"ఏదో ఒకటి మాట్లాడండి బాబాయ్," అన్నాడు పట్టీ కట్టి.

"ఏం మాట్లాడాలె సార్ నేను?" అన్నాడు లింబన్న.

గొంతులో చీమలు పాకినట్టయింది. బయటికి వచ్చిన మాట అతనిది కాదు. "ఏం మాట్లాడాలి సార్ నేను?" అని ఎవరో చదువుకున్న మనిషి, వయసు తెలియని మనిషి, ఏ ఊరివాడో తెలియని మనిషి నిదానంగా అన్నాడు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. లింబన్న చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది.

వర్ధన్ పెట్టె పక్కనున్న మీట నొక్కాడు. లోపలినుంచి సన్నగా ఏదో వచ్చింది. మాట లేదు. 'మాట్లాడాలె' అన్నప్పుడు లింబన్న చివర తీసే సాగు, ముందు పీల్చిన గాలి, దొరల ముందు నిలబడినప్పుడు గొంతులో వచ్చే చిన్న వణుకు, అంతే ఉన్నాయి.

"మాటకి అంటుకునుండేదంతా ఇందులోకొచ్చేస్తదండి. మాట ఒక్కటే లోపలోళ్లకి ఇనబడ్తది," అన్నాడు వర్ధన్. అతనిది గోదావరి దిక్కు. తొలి ఉద్యోగంలో 'ఆయ్' అన్నందుకు ఏడాదిపాటు వెక్కిరించారట. ఆ కసితోనే ఇది చేశానన్నాడు.

"ఇదంత పారేస్తరా సార్?"

"పారేద్దావనే అన్నానండి. మేడమ్ గారొప్పుకోలేదు. లాయర్ల ఆఫీసులో చిత్తుకాయితం కూడా పారెయ్యరంట కదా. రేపెవరైనా కేసేస్తే ఏం తీసేశారో చూపించాలంట. ఎనిమిదేళ్లుంచాలండి."

అట్లా ఆ పెట్టెలు లింబన్న రికార్డు రూములోకి వచ్చాయి. మధ్య అరలో వరసగా పేర్చాడు. పనిచేసినప్పుడు అవి వేడెక్కుతాయి. మధ్యాహ్నం అతను అక్కడే కింద కూర్చుని సద్ది తినేవేళకు చల్లారుతూ గొణుగుతాయి. తొమ్మిదో పెట్టె ప్రతి మాట చివరా గుటక మింగుతుంది. పద్నాలుగోది ఎందుకో నవ్వుతుంది. మొదట్లో ముద్ద దిగేది కాదు. తర్వాత, పక్కింటివాళ్ల మాటలు గోడ అవతలినుంచి వినిపించినట్టు, అలవాటైంది. ఒక్కటో నంబరు పెట్టె వర్ధన్‌ది. తన మీదే మొదట పరీక్ష చేసుకున్నాడు. అది మాత్రం ఎప్పుడూ ఊరుకునేది కాదు.

*

రమ ఆ ఇంటర్వ్యూకు వచ్చిన రోజు తండ్రీ బిడ్డా ఒకరినొకరు ఎరగనట్టే ఉన్నారు. అటెండరు కూతురంటే సిఫారసు అంటారు, లేదంటే చిన్నచూపు చూస్తారు. రెండూ వద్దనుకున్నారు. ఆమె నంబరు ముప్పై ఒకటి. పక్కన ముప్పై రెండు, నూనె పెట్టి బిగించి జడ వేసుకున్న పిల్ల. పేరు పూనెం సమ్మక్క. ఏటూరునాగారం అవతల, గోదావరి ఒడ్డున ఏదో కోయగూడెం.

మధ్యాహ్నం దాటింది. సమ్మక్క లేచి లింబన్న దగ్గరికి వచ్చింది.

"తాతా, నాకు మూడింటికి బస్సుంది. అది పోతే మల్ల రేపే. మా ఊరికి ఆడ దిగినంక నడవాలె. జర ముందు పంపరాదు?"

లింబన్న రమ వైపు చూశాడు. ఆమెదే తర్వాతి వంతు.

"పోనియ్యి తాతా," అంది రమ, పరాయి మనిషిని పిలిచినట్టే. "ముందు ఆమెను పోనియ్యి. నాకేం బస్సు లేదు."

ఇట్లా ముందువెనుకలు పంపడం లింబన్నకు కొత్త కాదు. బస్సున్నవాళ్లను, చంటిపిల్ల తల్లిని, ఒంట్లో బాగాలేనివాళ్లను ఇరవై ఎనిమిదేళ్లుగా ముందు పంపుతూనే ఉన్నాడు. కొక్కేనికి వరసలో తగిలించి ఉన్న పట్టీ తీశాడు. సమ్మక్క మెడకు కట్టాడు. ఆమె లోపలికి పోయి తెర ఇవతల కూర్చుంది; అవతలివాళ్లకు నంబరు, మాట తప్ప ఏమీ తెలియవు. అరగంటకు బయటికి వచ్చి, రెండు చేతులూ జోడించి, మెట్ల మీద పరుగెత్తింది. తర్వాతి పట్టీ తీసి తన బిడ్డ మెడకు కట్టాడు. కట్టేటప్పుడు ఆమె మెడ మీద సన్నని చెమట తగిలింది.

పది రోజులకు ముప్పై ఒకటో నంబరుకు ఉద్యోగం వచ్చింది.

సాయవ్వ ఆ రోజు వాడకట్టంతా చక్కెర పంచింది. లింబన్న రికార్డు రూములో తలుపు వేసుకుని ఒక్కడే కాసేపు కూర్చున్నాడు.

కొత్తగా చేరినవాళ్లు మొదటి ఏడాది ఆఫీసులో పట్టీ కట్టుకునే పనిచేయాలని నియమం. క్లయింట్ల ముందు ఎక్కువ తక్కువ లేకుండా ఉంటుందని. రమకు ముప్పై ఒకటో పట్టీయే ఇచ్చారు. సాయంత్రం తీసేస్తే మామూలే అన్నారు. మొదటి నెల మామూలే. రెండో నెలలో సాగు పోయింది. తర్వాత 'అవ్వ' పోయి 'అమ్మ' వచ్చింది, 'బాపు' పోయి 'నాన్న' వచ్చింది. యాస ఎటు పోతే మాటలూ దాని వెంటే పోయాయి. నాలుగో నెలలో ఆమె చప్పుడు లేకుండా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నెలాఖరునే సాయవ్వ కుర్చీ వేయమంది.

*

"గొంతు కొత్త దారికి అలవాటు పడిపోతదండి," అన్నాడు వర్ధన్. రికార్డు రూములో స్టూలు మీద కూర్చున్నాడు. లింబన్న ముఖంలోకి చూడటం లేదు. "అరగంట కడితే ఏం కాదు. నెలలు కడితే ఇలాగవుతదని నాకూ తెలీలేదు బాబాయ్."

"తిప్పి రాదా సార్?"

"వస్తదండి. పట్టీని తిరగేసి కట్టి, పెట్టెలో ఉన్నదంతా గొంతులోకి దింపొచ్చు. మొదటినుంచి చివరిదాకా ఒకేసారి దింపాలి. ఒక్కసారే. దింపాక పెట్టె ఖాళీ. ఇంక ఆ గొంతుకి పట్టీ పని చెయ్యదు, అంటే ఇక్కడ ఉద్యోగం..." ఆగాడు. "ఆరు నెల్లు దాటితే మాత్రం గొంతు గట్టిపడిపోతది. ఆ తర్వాత దింపినా పట్టదండి."

"ఇంక రెండు నెలలు గూడ లేదు."

"లేదండి."

అరలో ఒక్కటో పెట్టె గొణిగింది. వర్ధన్ దాని వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. "నాకు ఆ ఆరు నెల్ల సంగతి తెలిసేసరికి ఏడాదైపోయిందండి. ఈ యాస, ఈ 'అండి'లు చూశారూ, గుర్తు పెట్టుకుని కలుపుతున్నాను. మా అమ్మ ఫోనెత్తి, 'ఎవరు కావాలండీ' అంటది. నేను పేరు చెప్తాను. 'వాడు ఊళ్లో లేడండి' అంటది."

ఆ సాయంత్రం లింబన్న ముప్పై ఒకటో పెట్టెను టిఫిను గిన్నెలో పెట్టుకున్నాడు. బిడ్డ గొంతులోకి దాన్ని దింపేముందు ఒక్కసారి సాయవ్వకు వినిపించాలి. నీ బిడ్డ యాడికీ పోలేదు, ఇగో ఇండ్ల, ఈ పెట్టెలనే ఉన్నది అని చెప్పాలి. తలుపు దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చాడు. రిజిస్టరు తెరిచి రాశాడు. పెట్టె ముప్పై ఒకటి. లింబన్న. ఇంటికి.

*

సాయవ్వ మంచం మీద కూర్చుంది. పెట్టె ఆమె ఒళ్లో పెట్టి లింబన్న మీట నొక్కాడు. రమ తలుపు దగ్గర నిలబడింది.

ముందు ఊపిరి వచ్చింది. బెదిరిన ఊపిరి, మెట్లెక్కి వచ్చినట్టు. తర్వాత సాగు. మాటలు లేని సాగు, ఏటి అవతలి ఒడ్డున ఉన్నవాళ్లను పిలిచేటప్పుడు వచ్చేటంత పొడుగు. నడుమ నడుమ నాలుక అంగిట్లో కొట్టిన చిన్న చప్పుడు. మెల్లమెల్లగా బెదురు పోయింది. దాని చోట ధీమా వచ్చింది. ఎవరో పెద్ద చిక్కును ఒక్కొక్క పోగే విప్పి చూపిస్తున్నట్టుంది ఆ గొంతు.

సాయవ్వ తల అడ్డంగా ఊపింది.

"గిది రమ గాదు. అడివి దిక్కు పిల్ల. మొదాలు ఎంత భయపడ్డది పాపం! మంచిగ చెప్తున్నది గని. ఎవ్వలయ్య ఈ పొల్ల?"

అరగంట గడిచింది. పెట్టెలో టక్కుమని చప్పుడైంది. ఆ తర్వాత గొంతు మారింది. సాయవ్వ ఒక్కసారిగా పెట్టెను రెండు చేతులా పట్టి గుండెకు హత్తుకుంది.

"రమా! బిడ్డా! ఇండ్ల ఉన్నవా? ఇన్ని దినాలు ఇండ్లనే ఉన్నవా?"

పెట్టెలో రమ సాగు, రమ నిట్టూర్పు, కోపమొస్తే ముక్కుతో వదిలే గాలి. నాలుగు నెలల రమ. సాయవ్వ దానితో మాట్లాడుతూనే ఉంది. తిన్నవా అంది, బక్కగైనవా అంది. అసలు రమ తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. ఆమె ఏడుపుకు కూడా చప్పుడు లేదు.

కాసేపటికి తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, మొదటి అరగంట ఆ బస్సు అమ్మాయిది."

"అవ్."

"అంటే లోపలివాళ్లు ముప్పై ఒకటి అని విన్నది ఆమెను. జాబితాలో ముప్పై ఒకటి ఎదురుగా ఉన్నది నా పేరు."

లింబన్న వేళ్ల మీద ఆ రోజు వరస లెక్కపెట్టుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఎందరినో ముందువెనుకలు పంపాడు. ఎప్పుడూ ఏమీ కాలేదు, ఎందుకంటే ఎవరి ముఖం వాళ్లతోనే లోపలికి పోయేది, ఎవరి పేరు వాళ్లే చెప్పుకునేవాళ్లు. ఈసారి లోపలివాళ్లకు ముఖం లేదు, పేరు లేదు, గొంతు లేదు. మెడ వెనక రాసి ఉన్న అంకె ఒక్కటే ఉంది. అంకెలు కచ్చితంగా తెలిసిన మనిషి ఆ ఒక్క రోజు అంకె చూడలేదు. బస్సు చూశాడు.

*

మరునాడు జాబితాలో సమ్మక్క పేరు ఎదురుగా ఉన్న ఫోను నంబరుకు చేశాడు.

"హలో, ఎవరూ?" అంది ఆ గొంతు. వెనక జిరాక్సు మిషను చప్పుడు. లింబన్న కళ్లు మూసుకున్నాడు. నిన్న పెట్టెలో విన్న సాగు, ఈసారి మాటలతో.

"నేను బిడ్డా... పట్నంల ఇంటర్వ్యూకు అచ్చినప్పుడు, అటెండరును."

"తాతా! బాగున్నరా? ఆనాడు బస్సు దొరికింది తాతా. ఎక్కుడు, అది కదులుడు. మీరు ముందు పంపకపోతే రాత్రంత బస్టాండ్లనే ఉందును. మర్చిపోలే నేను."

"ఇప్పుడు ఏం చేస్తున్నవ్?"

"కోర్టు ముంగట జిరాక్సు సెంటర్ల దరఖాస్తులు టైపు చేస్తున్న. మంచిగనే చెప్పిన అనుకున్న గని రాలే. వాళ్లకు నా మాట నచ్చలేదేమో అనుకున్న. యాస వినబడదన్నరు గద మళ్ల? అయితే నాకే రాదేమో తాతా. ఇంక ఎటూ దరఖాస్తు పెట్టుకోలే." నవ్వింది. "ఎందుకు చేసిన్రు?"

"మల్ల చెప్త బిడ్డా," అని లింబన్న ఫోను పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే తండ్రీ బిడ్డా పెద్ద మేడమ్ ముందు నిలబడ్డారు. ఆకొండి వసుంధర మెత్తగా మాట్లాడే మనిషి. కంపెనీలో పట్టీ పెట్టాలని పట్టుబట్టింది ఆమే. అంతా విన్నది.

"ఈ అమ్మాయి నీ కూతురా లింబన్నా? నాకు చెప్పనేలేదే!"

"తప్పు నాది మేడమ్. బస్సుకు ఆలస్యమైతదని ఆ పొల్లను ముందు పంపిన. ఈ ఉద్యోగం ఆమెది."

"చూడు రమాబాయి. మేం ముప్పై ఒకటిని తీసుకున్నాం. ముప్పై ఒకటి చక్కగా పనిచేస్తోంది. నీ మీద ఎవరికీ ఫిర్యాదు లేదు."

"మేడమ్, ఆ రోజు మీరు విన్న జవాబులు నావి కావు."

"కాకపోవచ్చు. కానీ క్లయింటుకు పంపిన జాబితాలో మీరిద్దరూ ఒకే గడిలోకి వస్తారమ్మా. ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు అనే గడి. ఆమె వచ్చినా అదే లెక్క, నువ్వున్నా అదే లెక్క. ఏం మారుతుంది చెప్పు?" వసుంధర నిజంగానే అడిగింది. బల్ల మీది కాగితాలు సర్దుతూ అంది. "ఆ అమ్మాయిని వచ్చే ఏడాది మళ్లీ రమ్మను. నేను చూస్తాను. లింబన్నా, ఆ పెట్టె మాత్రం సాయంత్రానికల్లా రికార్డు రూములో ఉండాలి."

*

రికార్డు రూములో వర్ధన్ పట్టీ తిరగేసి సిద్ధంగా పెట్టాడు. మేడమ్‌కు తెలిసేలోపు దింపేద్దామన్నాడు. గంట పని. రమ స్టూలు మీద కూర్చుంది. పెట్టె ఒళ్లో ఉంది.

"దింపాక ఇందులో ఏమీ ఉండదు కదూ?" అంది.

"ఏం ఉండదండి."

"సమ్మక్క అరగంట కూడా?"

"మొత్తం మీ గొంతులోకే వచ్చేస్తదండి. విడదియ్యడం కుదరదు."

"కోర్టులో చూపించడానికి ముందుగా నకలు తీస్తే?"

"నకలు మామూలు రికార్డింగేనండి. ఇయ్యాల్రేపు గొంతుకి నకలు ఎవడైనా చేస్తాడు, ఏ కోర్టూ నమ్మదు. నంబరూ తారీకూ టైమూ చెరపడానికి లేకుండా ఉండేది అసల్లోనేనండి."

రమ పెట్టె మీది అంకెను వేలితో తడిమింది. లింబన్నకు ఆ మౌనం తెలుసు. అది తనదే.

"బిడ్డా," అన్నాడు. జీవితంలో బతిమాలడం రాని మనిషి బతిమాలాడు. "నీ గొంతు నువ్వు తెచ్చుకో. అవ్వ రోజురోజుకు కరిగిపోతున్నది. కోర్టుల నేను నిలవడ్త. తప్పు నాదని నేను చెప్త గద."

"మీ మాట ఒక్కటీ చాలదు నాన్నా. కూతురితో గొడవపడి కక్షతో చెప్తున్నాడంటారు. లేదా ముసలాయనకు మతి లేదంటారు. ఆ రోజు ముప్పై ఒకటిగా మాట్లాడింది సమ్మక్కేనని, ఎంత ధీమాగా మాట్లాడిందో, ఆ గుర్తు ఈ లోకంలో ఈ పెట్టెలో తప్ప ఎక్కడా లేదు. ఆమెకు కూడా తెలియదు."

'మీరు' అంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆమె తండ్రిని 'నువ్వు' అనే పిలిచింది. లింబన్న తల వంచుకున్నాడు.

"కేసు ఎన్నేండ్లు పడ్తదో. ఆర్నెల్లు దాటుతది బిడ్డా."

"దాటుతుంది."

ఆమె లేచింది. సంచిలోనుంచి తెల్లగుడ్డ తీసి పెట్టె చుట్టూ చుట్టింది, కోర్టుకు ఇచ్చే వస్తువును చుట్టినట్టు మూలలు మడిచి. గుడ్డలోపల పెట్టె ఇంకా వెచ్చగా ఉంది కాబోలు, మూట కట్టినా సన్నగా గొణుగుతూనే ఉంది. ముడి వేసే ముందు దాన్ని ఒక్కసారి చెవికి ఆనించుకుంది.

"ఇప్పుడు కూడా ముందు ఆమెనే పోనివ్వండి నాన్నా," అంది.

తలుపు దగ్గరికి వెళ్లి, రిజిస్టరు ముందుకు జరిపింది. లింబన్న కలం తీశాడు. నంబరు రాశాడు. పేరు రాశాడు. ఎక్కడికి అన్నచోట, అక్షరాలు కూడబలుక్కుంటూ, కోర్టుకు అని రాశాడు. అదే ఆ ఆఫీసులో అతను రాసిన చివరి పద్దు.

*

ఆ ఉద్యోగం సమ్మక్కదని వేసిన కేసు నడుస్తోంది. సమ్మక్క వాయిదాలకు వస్తుంది, రమ పక్కన కూర్చుంటుంది, మధ్యాహ్నం మూడింటి బస్సుకు పోతుంది. రమ కిందికోర్టులో ఒక పాత లాయరు దగ్గర పనిచేస్తోంది. పెట్టె లక్క ముద్ర కింద కోర్టు బీరువాలో ఉంది. ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. ఆ రోజు తారీకు లింబన్నకు తెలుసు, రమకు తెలుసు. ఇద్దరూ ఒకరితో ఒకరు అనలేదు.

మొదట్లో సాయవ్వ రోజూ అడిగేది. "ఆ పెట్టె యాడ వెట్టినవయ్య? ఒక్కపారి ఇయ్యరాదు. దాంతోని మాట్లాడాలె." లింబన్న బయటికి పోయేవాడు. తర్వాత అడగడం మానేసింది. పగటిపూట ఒక్కతే ఉన్నప్పుడు గోడ వైపు తిరిగి మాట్లాడుకునేది. తిన్నవా బిడ్డా అని, కొంచెం ఆగి, జవాబు విన్నట్టు తల ఊపేది.

ఒక ఆదివారం పొద్దున ఎండలో చాప వేసి రమ తల్లికి తల దువ్వుతోంది. లింబన్న ఎదురుగా చిక్కుడుకాయలు గిల్లుతున్నాడు. సాయవ్వ ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి చాపి, దువ్వెన పట్టిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. వదల్లేదు.

"ఎవ్వలవో నాకెరుక లేదు తల్లీ," అంది. "ఏ ఊరి దానవో, ఎవ్వల బిడ్డవో. నా బిడ్డ పాణంల అచ్చి కూసున్నవ్. నిన్ను నేను తిట్టను. ఇన్ని దినాలాయె, నువ్వు చెడ్డదానివి గాదని తెలిసింది. నెత్తి దువ్వుతున్నవ్, మందులిస్తున్నవ్. గని ఒక్కటి చెప్త ఇను."

"చెప్పండి అమ్మా."

"నా రమను మంచిగ సూసుకో. దానికి సల్లటిది పడది, రొమ్ము పట్టుకుంటది. కోపమొస్తె అన్నం మానేస్తది, బతిలాడి తినవెట్టాలె. బయటికి చెప్పది గని లోపట మస్తు భయం దానికి. ఒక్కదాన్నే ఇడిశిపెట్టకు."

చిక్కుడుకాయ లింబన్న వేళ్ల మధ్య విరిగి ఆగింది. అతను బిడ్డ ముఖంలోకి చూడలేకపోయాడు.

"అలాగే అమ్మా," అంది రమ, ఏ ఊరిదో తెలియని ఆ గొంతుతో. "నేను చూసుకుంటాను."

సాయవ్వ మణికట్టు వదిలింది. రమ మళ్లీ దువ్వడం మొదలుపెట్టింది.